చెంబుకి సగం

లాబీ నుంచి ఫోనొస్తే
రాత్రి రెండైనా లేవాలి.
లేచి ముందు బూట్లు కాదు,
డాబా మెట్లెక్కుతాను.
సెల్‌ఫోను వెలుగులో పదకొండు కుండీలు
నన్ను చూసి ఏమీ అనవు.

ఈ డాబాకి పడమట గోడ లేదు, తూర్పున చెట్టు లేదు.
విజయనగరం కంటోన్మెంటు ఎండంతా ఇక్కడే దిగి,
ఇక్కడే భోంచేసి,
చీకటి పడ్డాక కూడా సిమెంటులో పడుకునుంటుంది.
మొదటి ఏడాది నాకది తెలీదు.
కడియం లారీవాడి దగ్గర గులాబీ కొన్నాను.
రాయగడ వెళ్ళి, అక్కణ్ణుంచి కోరాపుట్‌కి తోసేస్తే,
నాలుగోరోజు ఇల్లు చేరేసరికి
కొమ్మకి పువ్వు పువ్వులాగే ఉంది.
ముట్టుకుంటే అప్పడం.

తర్వాత కొత్తిమీర. తర్వాత మల్లె.
తర్వాత నల్ల పెయింటు డబ్బాలో పెట్టిన మిరప:
వేళ్ళు ఉడికిపోయాయని
కుమ్మరించి చూస్తేగానీ అర్థం కాలేదు.

మెల్లగా తెలిసింది.
చేపల బజార్లో పారేసిన థర్మాకోల్ పెట్టె
మట్టికుండీ కన్నా చల్లన.
కుండీలు ఎడంగా నిలబడితే చస్తాయి,
ప్యాసింజరు జనరల్ పెట్టెలో మనుషుల్లాగ
ఒకదాన్నొకటి ఒరుసుకుంటే బతుకుతాయి.
పైన కొబ్బరిపీచు. బకెట్లోంచి మట్టిలోకి
పాత పంచె చింపి పేనిన వత్తి.
ఆస్పత్రిలో మా పెద్దమ్మ మంచం దగ్గర మిగిలిన
ఖాళీ సెలైన్ బుడ్డి తలకిందులుగా వేలాడదీసి,
నిమిషానికి నాలుగు చుక్కలు.

ఇంతకీ ఎవరు మిగిలారంటే,
బిళ్ళగన్నేరు,
పదింటికి విచ్చి మధ్యాన్నం దాటితే ముడుచుకునే నాచుపూలు,
వామాకు, కలబంద,
పొట్ట ఉబ్బిన ఎడారి గులాబీ.
ఎక్కడికని అడగనివాళ్ళు. ఎదురుచూడనివాళ్ళు.
నాకు సరిపోయారు.

కింద వాటా సన్యాసమ్మకి అది నచ్చలేదు.
సింగపురం రోడ్డు లూపులైన్లో
నేను ఎర్రదీపం కేసి చూస్తూ కూచున్న రోజుల్లో
పూటకో చెంబు బియ్యం కడుగు పోసింది.
"ఎండకి నోరెండిపోతన్నాదమ్మీ, చూళ్ళేకపోనాను."
వచ్చి ఎడారి గులాబీ పొట్ట నొక్కితే
వేలు లోపలికి దిగిపోయింది,
బాగా ముగ్గిన సీతాఫలంలోకి దిగినట్టు.

దానికి నీళ్ళు అక్కర్లేదు పిన్నీ, అన్నాను.
మెల్లగానే అన్నాననుకున్నాను.
"నీలు అక్కర్నేనిదాన్ని పెంచడమేటి?
రాయినెట్టుకున్నట్టే కదేటి."
చెంబు పట్టుకుని మెట్లు దిగిపోయింది.
రెండు వారాలు మాటల్లేవు.

మే నెల. పొద్దున తొమ్మిదికే
పట్టాల మీద గాలి వణుకుతోంది.
డ్యూటీ దిగి డాబా ఎక్కితే,
సెలైన్ చుక్క గురితప్పి పడుతున్న చోట
సిమెంటు పగులులో ఒక టమాటా మొక్క.
నేను వెయ్యలేదు.
మూడు ఆకులు. నాలుగోది విప్పాలా వద్దా అన్నట్టుంది.
రోజుకి రెండుసార్లు అడిగే జాతి.
పూట తప్పితే మెడ వాల్చేసే జాతి.
పీకేద్దామనే వంగాను.
వంగి చాలాసేపు అలాగే ఉన్నాను,
వీపు కాలుతున్నా.

చివరికి చెంచాతో పగులు గోకి,
వేరు తెగకుండా తీసి, థర్మాకోల్ పెట్టెలో పాతి,
ఆమె గుమ్మం పక్కన దించి
తలుపు కొట్టకుండా డ్యూటీకి వచ్చేశాను.

ఇప్పుడు బొబ్బిలి దాటుతున్నాం.
యాభై ఎనిమిది వ్యాగన్ల వెనక
నేనూ, నా ఆకుపచ్చ జెండా, వేడెక్కిన నీళ్ళ క్యాను.
ఫోను మోగింది. పలకరింపు లేదు:
"పోసేను. పెచ్చు పొయ్యనేదు,
సెంబుకి సగవే."
పెట్టేసింది.

డాబా మీద మిగిలిన పదీ ఎండలో ఉంటాయి.
వాటి సంగతి ఆమె చెప్పలేదు.
నేనూ అడగలేదు.